ఫ్లూ ‘ఎ’ అని తేలితే సరిపోతుందా? ఐర్లాండ్ నిఘాలో మన ఇళ్లు ఎక్కడున్నాయి

2025 నవంబర్‌లో ఐర్లాండ్‌లో రెండు వార్తలు పక్కపక్కనే వచ్చాయి. ఒకటి కోళ్ల వార్త. కార్లో కౌంటీలో ఒక టర్కీ కోళ్ల ఫారంలో బర్డ్ ఫ్లూ తేలింది. నవంబర్ 10 నుంచి దేశమంతటా కోళ్లు, బాతులు, టర్కీలను బయట తిరగనీయకుండా షెడ్లలోనే ఉంచాలని వ్యవసాయ శాఖ ఆదేశించింది. రెండోది మనుషుల వార్త. ఈసారి ఫ్లూ సీజన్ ముందే మొదలైంది, పిల్లలకు, పెద్దవాళ్లకు వ్యాక్సిన్ వేయించండి అని ఇక్కడి ఆరోగ్య సేవల సంస్థ హెచ్‌ఎస్‌ఈ చెప్పింది.

మన వాట్సాప్ గ్రూపుల్లో మొదటి వార్తకు వచ్చిన ప్రశ్న, ‘చికెన్ తినొచ్చా?’ రెండోదానికి వచ్చిన ప్రశ్న, ‘పిల్లల్ని స్కూలుకు పంపాలా, వద్దా?’ రెండూ అడగాల్సిన ప్రశ్నలే. మొదటిదానికి జవాబు తేలిక. బాగా ఉడికిన మాంసంలో, గుడ్డులో ఈ వైరస్ బతకదు. కానీ మూడో ప్రశ్న ఒకటుంది, అది ఎవరూ అడగలేదు. పక్షుల్లో ఉన్న ఆ వైరస్ రేపు ఒక మనిషిలోకి వస్తే, అది మామూలు చలికాలపు ఫ్లూ కాదని ఎవరు కనిపెడతారు? ఎలా కనిపెడతారు? ఎన్ని రోజుల్లో?

నేను డిగ్రీలో మైక్రోబయాలజీ చదివాను. ల్యాబ్ ఉద్యోగం చేయలేదు, ఇల్లూ పిల్లలూ చూసుకుంటున్నాను. కాబట్టి నేను రాసేది డాక్టర్ సలహా కాదు. ఈ విషయాన్ని కొంతకాలంగా శ్రద్ధగా చదువుతున్న ఒక అమ్మ మాటగా తీసుకోండి. నాకు అర్థమైనది ముందే చెప్పేస్తాను. ఐర్లాండ్‌లో ఫ్లూ నిఘా వ్యవస్థ బాగానే ఉంది. కానీ ఏ నిఘా అయినా తన దగ్గరికి వచ్చినదాన్నే చూడగలదు. మన కుటుంబాలు, మన అలవాట్ల వల్ల కొంత, ఇక్కడి పరిస్థితుల వల్ల కొంత, ఆ చూపుకు అందకుండా ఉండిపోతున్నాయి.

మెల్‌బోర్న్ పాప కథ

ముందు ఐర్లాండ్ బయట జరిగిన ఒక కేసు చెప్పాలి, ఎందుకంటే అది మనలాంటి ఇంటి కథ. 2024 ఫిబ్రవరిలో రెండున్నరేళ్ల పాప ఒకరు ఆస్ట్రేలియా నుంచి కోల్‌కతా వెళ్లి, రెండు వారాలకు పైగా ఉండి, మార్చి 1న తిరిగి వచ్చింది. మర్నాడే విక్టోరియా రాష్ట్రంలో ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. తర్వాత మెల్‌బోర్న్‌లో ఐసీయూలో ఉంచారు. సుమారు రెండున్నర వారాల తర్వాత కోలుకుని ఇంటికి వెళ్లింది. జబ్బుపడిన పక్షుల దగ్గరికి గానీ, జ్వరం ఉన్న మనుషుల దగ్గరికి గానీ వెళ్లినట్టు కుటుంబానికి తెలియదు.

ఆస్పత్రి పరీక్షలో తేలింది ‘ఇన్‌ఫ్లూయెంజా ఎ’. చలికాలంలో వేలమంది పిల్లలకు వచ్చే ఫలితం అదే. ఆ శాంపిల్‌ను తర్వాత మెల్‌బోర్న్‌లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లూ కేంద్రంలో లోతుగా పరీక్షించినప్పుడు అది హెచ్5ఎన్1 అని, బర్డ్ ఫ్లూ అని తెలిసింది. ఆస్ట్రేలియా ఆ సంగతిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలియజేసింది మే 22న. అంటే పాప ఆస్పత్రిలో చేరిన రెండున్నర నెలలకు పైగా గడిచాక. ఆ దేశంలో మనిషిలో నమోదైన మొదటి హెచ్5ఎన్1 కేసు అదే. అదృష్టం కొద్దీ అది ఇంకెవరికీ అంటలేదు.

ఇక్కడ ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. పాపకు కావలసిన వైద్యం అందింది, ప్రాణం దక్కింది. కానీ ఒక సంగతి గమనించండి. పాపకు పనికొచ్చిన పరీక్ష ఒకటి, లోకానికి పనికొచ్చిన పరీక్ష ఇంకొకటి. మొదటిది గంటల్లో అయిపోతుంది. రెండోది జరగాలంటే ఎవరో ఒకరు ఆ శాంపిల్‌ను పక్కన పడేయకుండా ముందుకు పంపాలి.

ఒక పరీక్ష, రెండు జవాబులు

ఫ్లూ వైరస్‌లలో మనుషులకు ముఖ్యమైనవి ఎ, బి రకాలు. ఎ రకం మీద రెండు ప్రోటీన్లు ఉంటాయి. హెచ్ అన్నది మన కణాలకు అతుక్కోవడానికి. ఎన్ అన్నది లోపల తయారైన కొత్త వైరస్‌లు కణం నుంచి విడిపడి బయటికి రావడానికి. వీటి రకాలను బట్టే హెచ్1ఎన్1, హెచ్3ఎన్2, హెచ్5ఎన్1 అని పేర్లు. ఇప్పుడు మనుషుల్లో ప్రతి ఏడూ తిరిగేవి హెచ్1ఎన్1, హెచ్3ఎన్2. మిగతావి ఎక్కువగా నీటి పక్షుల్లో ఉంటాయి.

ఈ వైరస్ జన్యు పదార్థం ఒకే తాడులా ఉండదు. ఎనిమిది ముక్కలుగా ఉంటుంది. ఒకే కణంలోకి రెండు రకాల ఫ్లూ వైరస్‌లు చేరితే ఆ ముక్కలు పేకముక్కల్లా కలిసిపోయి కొత్త చేతి ముక్కలు తయారవుతాయి. 2009లో వచ్చిన స్వైన్ ఫ్లూ అలా పుట్టిందే. అప్పుడు భారతదేశంలో మొదటి కేసు తేలింది మన హైదరాబాద్‌లోనే. 2009 మే నెలలో అమెరికా నుంచి దుబాయ్ మీదుగా వచ్చిన ఒక యువకుడిలో. ఫ్లూ నిఘాకూ, విమానమెక్కి తిరిగే తెలుగువాళ్లకూ ఉన్న చుట్టరికం అప్పటినుంచీ ఉంది.

ఆస్పత్రుల్లో చేసే పీసీఆర్ పరీక్ష మామూలుగా ఎ రకం వైరస్‌లన్నిటిలో పెద్దగా మారని ఒక జన్యువును వెతుకుతుంది. అందుకే పక్షి ఫ్లూ వచ్చినా ‘ఎ పాజిటివ్’ అని చూపిస్తుంది. అది మంచిదే, అసలు కనపడకుండా పోదు. కానీ అది హెచ్1, హెచ్3, లేక ఇంకేదైనానా అని తెలియాలంటే రెండో అంచె పరీక్ష చేయాలి. ఎ పాజిటివ్ వచ్చి, హెచ్1 కాక, హెచ్3 కూడా కాకపోతే అక్కడ ల్యాబ్‌లో అందరూ అప్రమత్తం కావాలి. దాని తర్వాత మూడో అంచె, జన్యుక్రమం మొత్తం చదవడం. ఏ దేశపు వైరస్‌కు ఇది చుట్టమో, మందులు పనిచేస్తాయో లేదో అప్పుడే తెలుస్తుంది.

ఇక ఫార్మసీలో కొని ఇంట్లో చేసుకునే యాంటిజెన్ కిట్టు. కోవిడ్, ఫ్లూ రెండూ ఒకే కిట్టులో చూపించేవి ఇక్కడ దొరుకుతున్నాయి. అమ్మమ్మ ఇంట్లో ఉన్నప్పుడు పిల్లాడిని వేరే గదిలో పడుకోబెట్టాలా అన్నది తేల్చుకోవడానికి అవి బాగా పనికొస్తాయి. కానీ అవి పీసీఆర్ అంత సున్నితమైనవి కావు, నెగెటివ్ వచ్చినా ఫ్లూ లేదని గట్టిగా చెప్పలేం. పాజిటివ్ వస్తే ఆ గీత చూసిన తర్వాత కిట్టు చెత్తబుట్టలోకి వెళ్తుంది. అది ఏ రకమో ఎవరికీ తెలియదు, ఏ లెక్కలోనూ చేరదు.

ఐర్లాండ్ నిఘా ఎలా పనిచేస్తుంది

ఇక్కడ ఫ్లూ నిఘా ప్రధానంగా మూడు కాళ్ల మీద నిలబడి ఉంది. మొదటిది కొందరు జీపీలు. 2000లో కొన్ని క్లినిక్‌లతో మొదలై, తర్వాతి ఏళ్లలో 60 ప్రాక్టీసుల దాకా పెరిగింది. దేశ జనాభాలో సుమారు 6 శాతం మంది వాటి పరిధిలోకి వచ్చారు. ఈ జీపీలు జ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులతో వచ్చినవారి లెక్క ప్రతి వారం పంపుతారు. వాళ్లలో కొందరి ముక్కు, గొంతుల నుంచి స్వాబ్ తీసి ల్యాబ్‌కు పంపుతారు.

రెండోది ఆ ల్యాబ్. డబ్లిన్‌లో యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్ ఆవరణలో ఉన్న నేషనల్ వైరస్ రిఫరెన్స్ ల్యాబొరేటరీ. ఐర్లాండ్ తరఫున ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించిన ఫ్లూ కేంద్రం ఇదే. ఏ రకం, ఏ ఉపరకం అన్నది తేల్చేది వీళ్లు. మూడోది హెచ్‌ఎస్‌ఈలో భాగమైన హెల్త్ ప్రొటెక్షన్ సర్వైలెన్స్ సెంటర్, హెచ్‌పీఎస్‌సీ. ల్యాబుల నుంచి, ఆస్పత్రుల నుంచి, జీపీల నుంచి వచ్చే లెక్కలన్నీ కలిపి ప్రతి వారం నివేదిక వేస్తారు. అక్టోబర్ మొదలు నుంచి మే నెల మధ్యదాకా, అంటే ఏడాదిలో 40వ వారం నుంచి మరుసటి ఏడు 20వ వారం దాకా, ఫ్లూ సీజన్‌గా లెక్క.

పక్షుల వైపు నిఘా వేరు. కిల్డేర్ కౌంటీలో బ్యాక్‌వెస్టన్ దగ్గర ఉన్న వ్యవసాయ శాఖ పశువైద్య పరిశోధనశాల ఆ పని చూస్తుంది. ఐర్లాండ్‌కు ఇది కొత్త కాదు. 1983లోనే ఇక్కడి టర్కీ ఫారాల్లో తీవ్రమైన హెచ్5ఎన్8 ఫ్లూ వచ్చింది. ఆనాటి వైరస్ నమూనా ఐర్లాండ్ పేరుతోనే శాస్త్ర గ్రంథాల్లో ఉంది. 2021, 2022 చలికాలాల్లో మోనహన్ కౌంటీ టర్కీ ఫారాల్లో హెచ్5ఎన్1 వచ్చింది. 2025 అక్టోబర్‌లో కార్క్ దగ్గర మనవాళ్లు పిల్లలతో వెళ్లే ఫోటా వైల్డ్‌లైఫ్ పార్కును కూడా బర్డ్ ఫ్లూ వల్ల మూసేశారు. ఇంత జరిగినా ఐర్లాండ్‌లో మనుషుల్లో హెచ్5ఎన్1 కేసు ఒక్కటీ నమోదు కాలేదు. భయపడాల్సిన పరిస్థితి కాదు. కళ్లు తెరుచుకుని ఉండాల్సిన పరిస్థితి.

నెగెటివ్ స్వాబ్ విలువ

జీపీ స్వాబ్ తీస్తానంటే చాలామంది మనవాళ్లు అడిగే మాట, ‘ఎలాగూ యాంటీబయాటిక్ ఇవ్వరు, ఇంకెందుకు ఈ పరీక్ష?’ నిజమే, చాలాసార్లు ఆ స్వాబ్ వల్ల మీ పిల్లాడి వైద్యం మారదు. కానీ ఆ స్వాబ్ చేసే పని వేరు.

వ్యాక్సిన్ ఈ ఏడాది పనిచేస్తోందా అన్నది ఎలా తెలుసుకుంటారో చూడండి. జ్వరం, దగ్గుతో వచ్చి స్వాబ్ ఇచ్చినవాళ్లను రెండు గుంపులు చేస్తారు. ఫ్లూ తేలినవాళ్లు, తేలనివాళ్లు. ఒక ఉదాహరణ చెప్తాను, ఇవి నేను ఊహించిన అంకెలు. ఫ్లూ తేలిన వంద మందిలో 20 మందే వ్యాక్సిన్ వేయించుకుని ఉన్నారు, ఫ్లూ తేలని వంద మందిలో 40 మంది వేయించుకుని ఉన్నారు అనుకుందాం. వ్యాక్సిన్ ఏమీ చేయకపోతే రెండు గుంపుల్లోనూ ఒకే పాళ్లు ఉండాలి. తేడా ఉందంటే వ్యాక్సిన్ కాపాడుతోందని. అంటే ఈ లెక్కలో నెగెటివ్ వచ్చిన స్వాబ్ కూడా పాజిటివ్ అంత విలువైనదే. అది లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు.

2025 చలికాలంలో ఇది మన కళ్లముందే జరిగింది. వచ్చే సీజన్ వ్యాక్సిన్‌లో ఏయే వైరస్‌లు ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబర్‌లో దక్షిణార్ధగోళానికి చెబుతుంది. ఫిబ్రవరి నిర్ణయం అయిపోయాక హెచ్3ఎన్2లో ‘కె’ అనే కొత్త శాఖ పెరిగింది. వ్యాక్సిన్‌లోని వైరస్‌కూ దీనికీ తేడా ఉందని తెలియగానే ‘ఇక వ్యాక్సిన్ దండగ’ అన్న సందేశాలు అందరి ఫోన్లలోకీ వచ్చాయి. నవంబర్‌లో ఇంగ్లండ్ ఆరోగ్య భద్రతా సంస్థ తొలి లెక్కలు చెప్పింది. ఆస్పత్రికి వెళ్లాల్సి రాకుండా వ్యాక్సిన్ పిల్లల్లో 70 నుంచి 75 శాతం, పెద్దల్లో 30 నుంచి 40 శాతం కాపాడుతోందని. ‘దండగ’ అన్న మాటకు అంత త్వరగా జవాబు దొరికిందంటే, ఎక్కడెక్కడో ఎవరెవరో పరీక్షకు ఒప్పుకున్నందువల్లే.

అంకెలు ఎలా చదవాలి

హెచ్‌పీఎస్‌సీ వారపు నివేదికలో ‘ఈ వారం ఇన్ని కేసులు’ అన్న అంకెనే వార్తల్లో పెద్దగా వేస్తారు. అది జబ్బుపడినవారి సంఖ్య కాదు. పరీక్ష చేయించుకుని, ల్యాబ్‌లో తేలి, లెక్కకెక్కినవారి సంఖ్య. సెలవుల వారంలో క్లినిక్‌లు మూసి ఉంటే ఆ అంకె తగ్గుతుంది, ఫ్లూ తగ్గినందువల్ల కాదు.

నేను చూసేవి మూడు. ఒకటి, చేసిన పరీక్షల్లో ఎంత శాతం పాజిటివ్. ఎంతమందికి పరీక్ష చేశారన్నది మారినా ఇది అంతగా మోసం చేయదు. రెండు, వయసుల వారీగా ఆస్పత్రిలో చేరినవారు. సాధారణంగా ఫ్లూ ముందు బడిపిల్లల్లో పెరిగి, తర్వాత ఇంట్లో పెద్దవాళ్లకు చేరుతుంది. కాబట్టి పిల్లల అంకె పెరిగిందంటే ఇండియా నుంచి వచ్చి మనింట్లో ఉన్న అమ్మానాన్నల గురించి ఆలోచించాల్సిన సమయం. మూడు, ఉపరకాల పట్టిక. హెచ్3ఎన్2 ఎక్కువ తిరిగే ఏడాది పెద్దవయసువారికి కష్టం ఎక్కువ.

చావుల లెక్క దగ్గర ఐర్లాండ్‌కు ఒక విచిత్రమైన ఇబ్బంది ఉంది. ఇక్కడ మరణం నమోదు చేయడానికి చట్టం మూడు నెలల గడువు ఇస్తుంది. అంతవరకు ఆగితే నిఘాకు అర్థం ఉండదు. కోవిడ్ కాలంలో ఇక్కడి కేంద్ర గణాంక కార్యాలయం, సంతాప ప్రకటనలు వేసే ఆర్‌ఐపీ డాట్ ఐఈ వెబ్‌సైట్ చూసి మరణాలు ఎంత పెరిగాయో అంచనా కట్టింది. ఐరిష్ కుటుంబాలు ఎవరైనా పోతే దాదాపు తప్పకుండా అక్కడ ప్రకటిస్తారు కాబట్టి అది సాధ్యమైంది. తెలివైన ఉపాయం. కానీ మనలో ఆ అలవాటు లేదు. ఒక సమాజపు అలవాటు మీద నిలబడిన లెక్కలో, ఆ అలవాటు లేనివాళ్లు కనపడరు. ఈ సూత్రం ఫ్లూకూ వర్తిస్తుంది.

మనం ఎందుకు కనపడం

జీపీ నిఘా చూసేది జీపీ దగ్గరికి వెళ్లినవాళ్లనే. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు జీపీ ఉచితం. ఆ వయసు దాటాక మెడికల్ కార్డు, జీపీ విజిట్ కార్డు లేని ఇంట్లో ఒకసారి వెళ్తే 60 యూరోల దాకా అవుతుంది. ‘అంత పెట్టి వెళ్తే పారాసిటమాల్ వేయండి, నీళ్లు తాగించండి అంటారు, ఆ ముక్క మాకూ తెలుసు’ అన్న లెక్క తప్పు కాదు. చాలా ఊళ్లలో జీపీలు కొత్తవాళ్లను చేర్చుకోవడం లేదు. కొత్తగా వచ్చిన కుటుంబాలకు జీపీయే ఉండరు. ఇక స్టూడెంట్ వీసా పిల్లలు, నలుగురైదుగురు కలిసి ఒక ఇంట్లో ఉంటారు, షిఫ్టు పోతుందని జ్వరంతోనే పనికి వెళ్తారు. వాళ్లను ఏ స్వాబ్ కూడా చేరదు.

అందుకే ‘ప్రజలు బాధ్యతగా ఉండాలి’ అని చెప్పి ఊరుకోవడం సరిపోదు. ఫీజు కట్టలేనివాడినీ, జీపీ లేనివాడినీ వదిలేస్తే నిఘా కొలిచేది దేశంలో ఫ్లూ ఎంతుందో కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లగలిగినవారిలో ఫ్లూ ఎంతుందో. మురుగునీటి పరీక్షలు ఈ లోటు కొంత తీరుస్తాయి, ఎందుకంటే అక్కడ ఎవరి ఫీజూ అడ్డురాదు. కోవిడ్ కోసం 2021 నుంచి ఐర్లాండ్‌లో ఆ కార్యక్రమం నడిచింది. అలాంటిదాన్ని ఫ్లూకూ శాశ్వతంగా విస్తరించమని అడగడం మన కౌన్సిలర్ల దగ్గర, టీడీల దగ్గర ఎత్తదగ్గ విషయమే. 2024 స్థానిక ఎన్నికల్లో మన దేశం నుంచి వచ్చినవాళ్లు కూడా పోటీ చేశారు, మనం ఓటు వేశాం. రోడ్ల గురించి అడిగినట్టే ఇదీ అడగొచ్చు.

రెండు దేశాల ఫ్లూ క్యాలెండర్లు

మన కుటుంబాల ప్రత్యేకత ఇంకొకటి ఉంది. మనం రెండు ఫ్లూ కాలాల మధ్య తిరుగుతాం. ఐర్లాండ్‌లో ఫ్లూ చలికాలపు జబ్బు. ఇండియాలో ఏడాదికి రెండుసార్లు పెరుగుతుంది. జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానాకాలం తర్వాత ఇంకోసారి. క్రిస్మస్ సెలవుల్లో వెళ్లి సంక్రాంతి దాకా ఉండేవాళ్లు మొదటిదాంట్లోకి వెళ్తారు. బడి సెలవులని జులై, ఆగస్టుల్లో వెళ్లేవాళ్లు రెండోదాని మొదట్లో దిగుతారు. ఇక్కడ అక్టోబర్‌లో వేయించిన వ్యాక్సిన్ బలం అప్పటికి బాగా తగ్గి ఉంటుంది. వేసవి ప్రయాణానికి ముందు ఫ్లూ గురించి డాక్టర్‌ను అడగడం మనలో దాదాపు ఎవరికీ తట్టదు.

పక్షుల ఫ్లూ కూడా అక్కడ దూరంగా లేదు. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరులో, తూర్పు గోదావరి జిల్లా కానూరు అగ్రహారంలో కోళ్లు గుంపులుగా చనిపోతే, శాంపిల్స్ భోపాల్‌లోని జాతీయ పశు వ్యాధుల ల్యాబ్‌కు పంపారు. హెచ్5ఎన్1 అని తేలింది. మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. పుణెలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ అది హెచ్5ఎన్1 అని నిర్ధారించింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నట్టు అధికారులు చెప్పారు. దేశంలో బర్డ్ ఫ్లూతో చనిపోయినట్టు నిర్ధారించిన రెండో మనిషి ఆ పాప. మొదటిది 2021లో హర్యానా బాలుడు.

నూట నలభై కోట్ల దేశంలో ఇంత తక్కువ అంటే నిజంగా ఇంతేనా, తేలినవి ఇంతేనా? పాప ఎయిమ్స్ దాకా వెళ్లింది కాబట్టి, అక్కడివాళ్లు స్వాబ్ ముందుకు పంపారు కాబట్టి తెలిసింది. మెల్‌బోర్న్‌లో జరిగిందీ అదే. రెండుచోట్లా ఒక చిన్నపాప, ఒక ‘ఎ పాజిటివ్’, దాన్ని అక్కడితో వదిలేయని ఒక ల్యాబ్.

ఈ ల్యాబులన్నిటినీ కలిపి ఉంచే అంతర్జాతీయ వ్యవస్థను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1952లో మొదలుపెట్టింది. పుణె, డబ్లిన్ రెండూ అందులో ఉన్నాయి. లండన్, మెల్‌బోర్న్, టోక్యో, బీజింగ్, అట్లాంటా కేంద్రాలు వైరస్‌లను లోతుగా పరిశీలిస్తాయి. 2025 జనవరిలో అమెరికా ఈ సంస్థ నుంచి బయటికి వెళ్తున్నట్టు ప్రకటించింది. అట్లాంటా బలహీనపడితే నష్టం అమెరికాకే కాదు. డాలస్‌లో అన్నయ్య, డబ్లిన్‌లో మనం, గుంటూరులో అమ్మానాన్నలు ఉన్న ఇళ్లకు ఇది దూరపు రాజకీయం కాదు.

మన చేతిలో ఉన్నది

ప్రయాణం గురించి చెప్పండి. ఇండియా నుంచి వచ్చిన పది రోజుల్లో పిల్లలకు గట్టి జ్వరం, ఆయాసం వస్తే ఫోన్‌లోనే చెప్పాలి. ఎక్కడికి వెళ్లాం, ఎప్పుడు వచ్చాం, పెరటికోళ్లు, కోళ్ల మార్కెట్, చనిపోయిన పక్షులు ఏమైనా తగిలాయా అని. ‘ఇండియా అంటే ఏదో అనుకుంటారేమో’ అని దాచే ఇళ్లు ఉన్నాయని నాకు తెలుసు. ఆ మొహమాటం అర్థమవుతుంది. కానీ రెండో అంచె పరీక్ష చేయాలని డాక్టర్‌కు తట్టడానికి చాలాసార్లు ఆ ఒక్క వాక్యమే ఆధారం.

స్వాబ్ ఇస్తారా అని జీపీ అడిగితే సరేననండి. పదిహేను సెకన్ల చిరాకు, అంతే.

వ్యాక్సిన్ సంగతి. రెండేళ్ల నుంచి 17 ఏళ్ల దాకా పిల్లలకు ఇక్కడ ముక్కులో కొట్టే వ్యాక్సిన్ ఉచితం. గర్భిణులకు, 60 దాటినవారికి, ఆరోగ్య సేవల్లో పనిచేసేవారికి, దీర్ఘకాలిక జబ్బులున్నవారికి ఇంజెక్షన్ ఉచితం. ముక్కు వ్యాక్సిన్‌లో పంది నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. శాకాహార కుటుంబాలు కొన్ని ఆ సంగతి విని మానేస్తున్నాయి. మానేయడం కన్నా, మాకు ఈ ఇబ్బంది ఉంది, వేరే దారి ఏమిటి అని జీపీనో ఫార్మసిస్టునో అడగడం మేలు. విజిటర్ వీసా మీద వచ్చిన అత్తమామలకు డబ్బు కట్టి వేయించాల్సి వస్తుందేమో కనుక్కోండి. రిటర్న్ టికెట్ డబ్బుతో పోలిస్తే అది చిన్న ఖర్చు.

చనిపోయిన పక్షి బీచ్‌లో, పార్కులో కనపడితే పిల్లల్ని తాకనీయకండి. వ్యవసాయ శాఖకు తెలియజేయండి. ఇక్కడి నిఘాలో కొంత భాగం అలా మామూలు మనుషులు చెప్పినదాని మీదే నడుస్తుంది.

1918లో ఫ్లూ వచ్చినప్పుడు ఐర్లాండ్‌లో 20 వేలమందికి పైగా, భారతదేశంలో కోటికి పైగా చనిపోయారు. అప్పటికి అది ఏ క్రిమి వల్ల వస్తోందో కూడా ఎవరికీ తెలియదు. మనుషుల ఫ్లూ వైరస్‌ను వేరుచేయగలిగింది 1933లో, లండన్‌లో. ఈరోజు ఆ వైరస్ ఎనిమిది ముక్కలనూ అక్షరం అక్షరంగా చదవగల యంత్రాలు డబ్లిన్‌లో ఉన్నాయి, పుణెలో ఉన్నాయి. లోటు యంత్రంలో లేదు. జ్వరం వచ్చిన మనిషికీ ఆ యంత్రానికీ మధ్య ఉన్న దారిలో ఉంది. ఆ దారిలో ఫీజులు, ఖాళీ లేని జీపీ లిస్టులు, షిఫ్టులు, మొహమాటాలు ఉన్నాయి. మొదటి మూడూ ప్రభుత్వమూ యజమానులూ తీయాల్సినవి, అడిగి తీయించుకోవాలి. చివరిది మాత్రం మనమే తీసేయొచ్చు.